బ్రెయిన్ మ్యాపింగ్ అంటే వేలిముద్రల టెస్టు కాదు సార్

ప్రశ్న: మాది బొబ్బిలి. అమ్మాయి బైపీసీ సెకండియర్. మా బావగారికి విశాఖలో మెదడులో గడ్డ తీసేటప్పుడు మెలకువగా ఉంచి మాట్లాడించారు. అది విన్నప్పటి నుంచి న్యూరోసర్జన్నే అవుతానంటోంది. అదయ్యేసరికి ముప్పై దాటిపోదా? బ్రెయిన్ మ్యాపింగ్‌లో ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు ఉందని, ముందు వేలిముద్రల టెస్టు చేయించమని ఒకాయన అంటున్నారు.

జవాబు: ఆ రెండూ వద్దు సార్. వేలిముద్ర చూసి మెదడు తీరు చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు, పేరు మాత్రం బ్రెయిన్ మ్యాపింగ్ అని పెట్టుకుంటారు. పోయినేడు ఒక నాన్నగారు అలాంటి రిపోర్టు తెచ్చి, సైన్స్ పనికిరాదని రాశారంటూ కూతురి ముందే చదివి వినిపించారు. ఆ పిల్ల తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. మీరు ఆ పని చేయకండి. ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆపరేషన్ థియేటర్‌లోకి ఎవరూ రానివ్వరు.

మీ బావగారికి చేసింది వేరు, అసలు బ్రెయిన్ మ్యాపింగ్ అదే. తల చర్మానికి మత్తు ఇస్తారు, మెదడుకు సొంతంగా నొప్పి తెలియదు కాబట్టి మనిషిని లేపి బొమ్మలు చూపిస్తారు, ఆవు, గొడుగు అని ఆయన చెబుతుంటే సర్జన్ ఒక్కోచోట కొద్దిగా కరెంటు తాకిస్తారు. మాట ఆగిన చోట అంకె వేసిన చిన్న చీటీ పెడతారు. అక్కడ కోయరు. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే న్యూరోసర్జన్ 1930లలోనే మూర్ఛ రోగులకు ఇలా చేశారు.

ఇక వయసు. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఆపైన జనరల్ సర్జరీలో ఎంఎస్, న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ మూడేసి, ఎక్కడా ఆగకపోయినా దాదాపు ముప్పై. నిజం చెప్పండి, మీ టెన్షన్ చదువు గురించా, పెళ్ళి గురించా? అబ్బాయైతే ఈ లెక్క వేసేవారా? ఎంబీబీఎస్ అయ్యాక ఆమె ఖాళీగా ఉండదు, ఇంటర్న్‌షిప్ నుంచే స్టైపెండ్ వస్తుంది, ఎంఎస్ దగ్గర ఆగినా డాక్టరే. కంగారు పడకండి.

సీటు రాకపోతే అదే బల్ల పక్కన ఇంకో కుర్చీ ఉంది. ఆ బొమ్మలు చూపించి మాట తడబడితే పట్టుకునే పని చాలాచోట్ల స్పీచ్ థెరపిస్టుది. దానికి చదవాల్సిన డిగ్రీ బీఏఎస్ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు, మైసూరులో ఐష్ (ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) లాంటి పేరున్న సంస్థ ఉంది. రెండు భాషలు వచ్చినవాళ్ళకు మాట ఆగే చోట్లు ఒక్కో భాషకు కొంత వేరుగా ఉండొచ్చు, అందుకే రోగి ఇంట్లో మాట్లాడే భాషలోనే పరీక్షించాలి. సాలూరు రైతు మాట తడబడిందో, ఆయన యాసే అంతో మీ అమ్మాయికి తెలిసినట్టు బయటివాళ్ళకు తెలుస్తుందా?

ఈ ఆదివారం ఆమెను వాళ్ళ మామయ్య దగ్గర కూర్చోబెట్టండి, ఆయనకు ఏ బొమ్మలు చూపించారో తననే అడగనివ్వండి.