మూత్ర పరీక్ష చేయిస్తే సిస్టోస్కోపీ మానవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూత్రాశయంలోని క్యాన్సర్ గడ్డను ఏడాది క్రితం తొలగించి, హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే రకం) అని చెప్పి, అది తిరగబెట్టకుండా మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కిస్తున్నారు. మూడు నెలలకోసారి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ అంటే ఆయనకు భయం. దాని బదులు మూత్ర పరీక్ష సరిపోదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ నాన్నగారి విషయంలో ప్రస్తుతానికి సరిపోదమ్మా. కండరం దాకా పాకని మూత్రాశయ క్యాన్సర్‌లో గడ్డను తీసేసి మూత్రాశయాన్ని కాపాడుకోగలం గానీ, అది మళ్లీ మళ్లీ తలెత్తే జబ్బు. హై గ్రేడ్ అయితే కండరంలోకి దిగే ప్రమాదమూ ఎక్కువ. అందుకే మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, అయిదో ఏడు నిండేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా కెమెరాతో లోపల చూస్తారు.

మూత్ర పరీక్షల్లో పాతది సైటాలజీ. మూత్రంలో రాలివచ్చిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసే ఈ పరీక్ష హై గ్రేడ్ కణాలను బాగానే పట్టిస్తుంది. నెమ్మదిగా పెరిగే లో గ్రేడ్ రకం కణాలు మామూలు కణాలనే పోలి ఉండటం వల్ల తరచు తప్పించుకుంటాయి. గడ్డగా లేవకుండా పొరలో చదునుగా పరుచుకునే రకం కెమెరాకు ఆనకపోయినా సైటాలజీలో బయటపడవచ్చు కనుక ఈ రెండూ కలిపే చేయించాలి. దీనికి తెల్లవారి తొలి మూత్రం పనికిరాదు. రాత్రంతా నిలవ ఉండి కణాలు చెడిపోతాయి. తొలి మూత్రమే మంచిదనుకొని చాలామంది అదే పట్టుకొస్తారు.

క్రోమోజోముల మార్పులను చూసే ఫిష్, ఎన్‌ఎంపీ22 ప్రొటీన్ పరీక్ష, ఆర్‌ఎన్‌ఏ గుర్తులను వెతికే ఎక్స్‌పర్ట్ వంటివి తర్వాత వచ్చాయి. లో గ్రేడ్ గడ్డలను ఇవి కొంత మెరుగ్గా పట్టినా, ఇన్ఫెక్షన్, రాళ్లు, బీసీజీ వల్ల వచ్చే వాపు ఉన్నప్పుడు కొన్ని, ముఖ్యంగా ఎన్‌ఎంపీ22, లేని క్యాన్సర్‌ను ఉన్నట్టు చూపి ఇంటిల్లిపాదినీ కలవరపెడతాయి. డెన్మార్క్‌లో హై గ్రేడ్ రోగులకు కొన్ని విడతల సిస్టోస్కోపీ బదులు ఎక్స్‌పర్ట్ చేసి చూసిన అధ్యయనం నాకు ఆశ కలిగిస్తోంది. అయితే అక్కడా కెమెరాను పూర్తిగా మానలేదు.

ఆయన భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే బాధకు జడిసి పరీక్ష ఎగ్గొట్టడమే అన్నిటికంటే ప్రమాదం. వంగే సన్నని ఫ్లెక్సిబుల్ సిస్టోస్కోప్‌తో, మత్తు జెల్లీ వేసి అది పనిచేసేదాకా ఆగి చూస్తే మగవారికి నొప్పి చాలావరకు తగ్గుతుంది. ఆ సదుపాయం ఎక్కడ ఉందో మీ యూరాలజిస్టును అడగండి. రెండు పరీక్షల మధ్య మూత్రంలో ఒక్కసారి ఎర్రదనం కనిపించినా, నొప్పి లేకపోయినా, తర్వాతి గడువు దాకా ఆగకుండా వెంటనే చూపించండి.