బుజ్జీ, ఆ సీసా మూత తీయకు

చిరంజీవి బుజ్జికి,

అత్త ఆశీస్సులు. నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, ఇది రాత్రి ఒంటిగంట దాకా ఆ ఉప్పునీళ్ళ అక్వేరియం ముందు టార్చి పట్టుకుని కూర్చుంటోంది, నువ్వైనా చెప్పు" అని మొత్తుకున్నాడు. నవ్వొచ్చింది, మురిపెమూ కలిగింది. మనింట్లో నా తరవాత పురుగుల కోసం నిద్ర మానుకున్నదానివి నువ్వే. అంతలోనే వాడు, అవి చావడానికి ఏదో మందు తెప్పించావని కూడా అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఆ సీసా తీసి అటక మీద పెట్టు. తరవాత మిగతాది చదువు.

చూసే పద్ధతి నీకు తెలిసే ఉంటుంది. లైట్లు ఆర్పిన రెండు గంటలకి, టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం చుట్టి చూడు. ఎరుపు వెలుగుకి చాలావరకు బెదరవు. పిపెట్‌తో ఒకదాన్ని లాగి తెల్ల సాసర్లో వేసుకుని భూతద్దం పెట్టు. తడి చేత్తో మాత్రం ప్లగ్గు ముట్టుకోకు. వైరు సాకెట్టు కంటే కిందకి వేలాడి మళ్ళీ పైకెక్కేలా కట్టు. అప్పుడు దాని మీదుగా జారిన ఉప్పునీళ్ళు అక్కడే చుక్కగా రాలిపోతాయి, సాకెట్లోకి పోవు. ఇది ఇవాళే చెయ్యి, పురుగులు రేపటిదాకా ఆగుతాయి. కాలేజీ ల్యాబులో ఒకసారి కొట్టిన షాకు నా మోచేతికి ఇంకా గుర్తే.

ఇక ఎవరెవరో చెప్తాను. అద్దం మీద ఇసుక రేణువంత తెల్లచుక్క పాకుతూ పాకుతూ ఠక్కున గంతేస్తే అది కోపీపాడ్. ఒకటి రెండు మిల్లీమీటర్లుంటే గొప్ప. చిన్న చేపలకి అంతకన్నా మంచి మేత లేదు. కాస్త పెద్దది కనబడితే, ప్రాక్టికల్స్‌లో మా పిల్లల్ని అడిగే ప్రశ్నే వేసుకో: పక్కనొక్కుడా, పైనొక్కుడా? రెండు పక్కలా నొక్కినట్టుండి రొయ్యలా ముడుచుకునేది యాంఫిపాడ్, నాచూ మిగిలిన మేతా తింటుంది. పైనుంచి నొక్కినట్టు, నల్లిలా చదునుగా ఉంటే ఐసోపాడ్. వాటిలోనూ తాకితే ఉండ చుట్టుకునేవి సాధువులే. పెద్ద నల్లకళ్ళతో జోరుగా ఈదేది సిరోలానిడ్ కావచ్చు. అది చేపని కరిచి పట్టుకుంటుంది, దాన్ని మాత్రం తీసెయ్.

ఇప్పుడు చెప్పబోయేది మీ మావయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. కాకినాడలో ఉన్నప్పుడు నాకూ ఒక మూడడుగుల తొట్టి ఉండేది. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, నాలుగు నత్తలు, జాలరి ఒకాయన వలలో పడిందని ఇచ్చిన రాయి. ఒకరాత్రి మంచినీళ్ళకి లేచి టార్చి వేస్తే, ఆ రాతి కన్నంలోంచి జానెడు పురుగొకటి నత్త మీదకి పాకి ఉంది. గులాబీ రంగు, రెండు పక్కలా తెల్లనూగు, అచ్చం గొంగళిపురుగు. పాఠం చెప్పేదాన్ని, పాలీకీట్ అని, అంటే సముద్రపు నూగుపురుగని తెలుసు. అయినా నా నత్తని చంపిందని ఒళ్ళు మండిపోయింది. నత్త ముందే చచ్చిందేమో, ఇది శవాన్ని శుభ్రం చెయ్యడానికొచ్చిందేమోనన్న ఆలోచనే రాలేదు.

తెల్లారి చేపల కొట్టుకెళ్ళి మందడిగితే నీలం సీసా ఇచ్చాడు. ఆ రంగు చూసైనా తట్టొద్దూ, మైలుతుత్తమని, అంటే రాగి మందని! మీ తాతయ్య తోటలో బూజుకి సున్నంతో కలిపి చల్లింది అదే. సీసా మీద రాసిన లెక్క ప్రకారమే పోశాను. చేపకి ఫర్వాలేని రాగి నత్తకీ రొయ్యకీ పురుగుకీ విషం. సాయంత్రానికి నత్తలు అద్దం వదిలేశాయి, రొయ్య వెల్లకిలా పడింది. పురుగులు అడుగున చచ్చి కనబడితే, సిగ్గులేకుండా, సంతోషించాను కూడా. రాతి లోపల ఇంకెన్ని ఉన్నాయో, అవన్నీ ఒక్కసారి కుళ్ళితే ఏమవుతుందో లెక్క వేసుకోలేదు. మూడోనాటి పొద్దున గది తలుపు తీస్తే కంపు. నీళ్ళనిండా అమ్మోనియా. చేపలు రెండూ పైకొచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుంటున్నాయి. మీ మావయ్య స్కూటరుకి డబ్బాలు కట్టుకుని కొత్తనీళ్ళకి సముద్రానికీ ఇంటికీ మూడుసార్లు తిరిగాడు. మధ్యాహ్నానికి పెద్దది పోయింది, అది ఆడది. దీపాలవేళకి చిన్నదీ పోయింది. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాయిని కడిగి, ఎండబెట్టి, మళ్ళీ పెట్టినా నత్త బతకలేదు. రాతిలోకి ఇంకిన రాగి కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది.

కాబట్టి నూగుపురుగు కనబడితే ఉండనీ. మరీ ఎక్కువయ్యాయంటే నువ్వు మేత ఎక్కువ వేస్తున్నావన్నమాట, చెయ్యి తగ్గించు. ఒట్టి చేత్తో పట్టుకోకు. నూగు గుచ్చుకుంటే సెల్లోటేపు అంటించి లాగు. పగడపురాయి తెచ్చిస్తానని ఎవరైనా అంటే కొనకు. పగడాలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పోలీసులొస్తే మీ నాన్న నన్నే తిడతాడు.

రాత్రిపూట రాతిలోంచి టక్ టక్‌మని వినిపిస్తే, అది ఊరికే చప్పుడు చేసే పిస్టల్ రొయ్యో, వేలు చీలేలా కొట్టే మాంటిస్ రొయ్యో తేలేదాకా వేలు పెట్టకు. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఎలాగూ మేలుకునే ఉంటాను. సాసర్లోకి తీసినవాటిని చూశాక తొట్టిలోకే వదులు. ఫోటోలు వాట్సాప్‌లో పంపు, కాస్త దగ్గరగా తియ్యి. కళ్ళజోడు మార్చినా ఈ ఫోన్లో ఏదీ సరిగ్గా కనబడి చావదు.

మీ అత్త