తాతయ్య అంబాసిడర్‌ని లేపే ముందు

చిట్టితల్లీ,

మారేడ్‌పల్లి ఇంటి షెడ్డులోంచి తాతయ్య అంబాసిడర్ బయటికి తీస్తున్నావనీ, దసరా సెలవులకు దాంట్లోనే శ్రీశైలం వెళ్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంట్లో ఒక్కరికైనా ఆ బండి మీద మనసు పోయినందుకు కడుపు నిండింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆరేళ్లుగా కదలని బండి అది. మన్ననూరు దాటాక అడవిలో ఆగిపోతే మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు?

బ్రేకులు, టైర్లు, ఆర్‌సీ రెన్యువల్ నీకు తెలిసినవే, ముందు అవి కానియ్యి. ట్యాంకులో పాత పెట్రోలు చుక్క లేకుండా తీసెయ్యి. పెట్రోలు వెళ్లే రబ్బరు పైపులన్నీ మార్చు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు దానికి ఆగదు, ఉబ్బి మెత్తబడి చిట్లుతుంది. రాణిగంజ్‌లో కొనేటప్పుడు ఇథనాల్‌కు ఆగే పైపే కావాలని గట్టిగా అడుగు.

తాళం తిప్పకముందే నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారి గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, ప్లగ్గులు పెట్టకుండానే, బండి ముందు నుంచి తిప్పే ఇనుప హ్యాండిల్‌తో ఇంజన్‌ని మెల్లగా తిప్పు. కదలకపోతే మొండికెయ్యకు, ఇంకో రెండు రోజులు నాననీ. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, పిడికిలి బిగించకూడదు. కిందికి తొయ్యకూడదు, పైకి లాగాలి. ప్లగ్గులు పెట్టాక టైమింగ్ అడ్వాన్స్ అయి ఉంటే, అంటే స్పార్క్ ముందే పడుతుంటే, ఇంజన్ వెనక్కి తన్నుతుంది, ఆ ఒక్క తన్నుకు మణికట్టు విరుగుతుంది. అందుకే ప్లగ్గులు బిగించాక నువ్వు హ్యాండిల్ ముట్టుకోవద్దు.

ఇక అసలు సంగతి. బండి స్టార్ట్ కావడం లేదంటే ముందు ఒక్కటి తేల్చుకో: సెల్ఫ్, అంటే స్టార్టర్ మోటారు, ఇంజన్‌ని తిప్పడం లేదా, తిప్పుతున్నా అంటుకోవడం లేదా? మొదటిదైతే బ్యాటరీ, తీగలు, సెల్ఫ్ చూడాలి. రెండోదైతే స్పార్క్, పెట్రోలు చూడాలి.

సెల్ఫ్ నీరసంగా మూలుగుతుంటే పాత బండ్లవాళ్లు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒకటుంది. కొత్త బ్యాటరీ కొనేస్తారు. రెండు వారాలు బాగానే తిరుగుతుంది, ఎందుకంటే బ్యాటరీ మార్చేటప్పుడు టెర్మినళ్లు గీకి శుభ్రం చేస్తారు, కొత్తదానికి బలమూ ఎక్కువే. మళ్లీ మూలుగుడు మొదలు. అప్పుడు సెల్ఫ్ విప్పి బుష్షులు, బ్రష్‌లు మారుస్తారు. వేలకు వేలు పోస్తారు, రోగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది చాలాసార్లు ఎర్త్ తీగ. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కదా, బాడీతో దానికి గట్టి సంబంధం ఆ అల్లిక తీగ ఒక్కటే. దాని బోల్టు కింద తుప్పో, పెయింటో చేరితే చాలు. సెల్ఫ్ సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకో, అక్కడ అడ్డు 0.01 ఓమ్ ఉన్నా ఒకటిన్నర వోల్టు ఆ ఒక్క బోల్టు దగ్గరే వేడిగా పోతుంది.

పట్టుకోవడం తేలిక. స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ పుట్టించే కాయిల్‌కి కరెంటు వచ్చే వైరు పీకెయ్యి, బండి అంటుకోకూడదు. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టు. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ సీసపు మొనకే ఆనించు, క్లాంపుకి కాదు. ఎర్ర తీగ ఇంజన్ బ్లాక్ మీద గీకిన ఇనుముకి ఆనించి, ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించు. 0.3 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ మంచిదే. ఒక వోల్టు చూపిస్తే దొంగ దొరికాడు. అలాగే పాజిటివ్ మొన నుంచి సెల్ఫ్ టెర్మినల్ దాకా చూడు, అక్కడ అర వోల్టు దాటకూడదు. బ్యాటరీ సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది: ఊరికే ఉన్నప్పుడు 12.6, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కి తగ్గకూడదు.

దీని మీద ఇంత రాయడం డబ్బు పోతుందని కాదమ్మా. ఎర్త్ తెగితే ఆ కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య మిగిలేది చోక్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు. సెల్ఫ్ కరెంటు ఆ సన్న తీగలోంచి పోతే అది ఎర్రగా కాలుతుంది. చోక్ కేబులు చివర ఉండేది పెట్రోలు నిండిన కార్బురేటర్. సెల్ఫ్ కొట్టాక చోక్ నాబ్ వేడిగా తగిలినా, పొగ వాసన వచ్చినా మళ్లీ తాళం తిప్పకు, బ్యాటరీ తీగ విప్పెయ్యి. ఆ షెడ్డులో నువ్వు ఒంటరిగా ఉంటావని తలుచుకుంటేనే నాకు చేతులాడవు. మంటలార్పే సిలిండర్ కొని పక్కన పెట్టుకున్నాకే బానెట్ ఎత్తు.

స్పార్క్ చూడాలంటే ఇందాక పీకిన కాయిల్ వైరు మళ్లీ పెట్టి, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత మధ్యలోంచి లావు వైరు పీకి, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, బ్లాక్‌కి అర సెంటీమీటరు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించు. అప్పుడు ప్లగ్గులన్నీ బిగించి ఉండాలి, చుట్టూ పెట్రోలు వాసన ఉండకూడదు. నీలంగా, లావుగా చిటపటలాడితే కాయిల్ వరకు బాగున్నట్టే, ఇక మూత లోపల తిరిగే రోటర్, మూత, వైర్లు, ప్లగ్గులు చూడు. మూతలో వెంట్రుక లాంటి నల్ల గీత కనిపిస్తే మూత మార్చాల్సిందే. వానాకాలంలో ఆగిపోయేది ఎక్కువగా ఆ గీత వల్లే.

స్పార్క్ లేకపోతే 12 వోల్టుల బల్బు ఒకటి తీసుకుని, కాయిల్ నుంచి పాయింట్లకు (డెల్కోలో కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటును తెంచే మొనలు) వెళ్లే టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టి సెల్ఫ్ కొట్టించు. వెలిగి ఆరుతుంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే, కండెన్సర్ (పాయింట్లు కాలకుండా పక్కనే ఉండే చిన్న డబ్బా), కాయిల్ అనుమానించు. వెలిగే ఉంటే పాయింట్లు కలవడం లేదు, ఆరేళ్లు నిలబడ్డ బండిలో అదే జరుగుతుంది. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటు రావడం లేదు, లేదా పాయింట్లు విడివడటం లేదు. డ్యాష్‌బోర్డు అరలో తాతయ్య రేకు డబ్బా చూడు, సందు కొలిచే ఫీలర్ గేజ్, సన్న ఎమరీ కాగితం ఇంకా అందులోనే ఉండాలి. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గులది 0.6. పాయింట్లు రుద్దాక ఎమరీ కాగితం నుంచి రాలిన పొడిని గుడ్డతో తుడిచెయ్యి. వాటిని చూసేటప్పుడు తాళం ఆన్‌లో వదిలెయ్యకు. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ కాలిపోతుంది.

కాయిల్, కండెన్సర్, పాయింట్లు, ప్లగ్గులు అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టావట! ఎవరు చెప్పారు నీకు? నాలుగూ ఒకేరోజు మారిస్తే ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. కొత్త కండెన్సర్లలో నాసిరకమే ఎక్కువ, పాతదాంతో నడుస్తుంటే దాన్నే ఉంచి కొత్తది డబ్బాలో పడెయ్యి. ఒక్కటి మార్చు, స్టార్ట్ చేసి చూడు, తర్వాతే ఇంకోటి. మార్చినది పుస్తకంలో రాసుకో.

బండి అంటుకుంటే షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉంచు, పొగ ప్రాణం తీస్తుంది.

ఎర్త్ దగ్గర మీటరు ఎంత చూపించిందో నాకు ఫోన్‌లో చెప్పు. ఆదివారం పొద్దున్నే వస్తాను. హ్యాండిల్ తిప్పాల్సి వస్తే నేను తిప్పుతాను.

మీ మామయ్య