ఆల్చిప్పలు పెంచబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

చెన్నైలో ఉద్యోగం మానేసి కృష్ణపట్నం క్రీకులో, ఆ ఉప్పునీటి పాయలో, ఆల్చిప్పలు పెంచుతానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. మన ఇంటి ఆడపిల్ల ఉప్పునీళ్ళలో దిగుతోందని నాకు గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పాత చిప్పలు కడిగి, తాడుకు ఐదారు గుచ్చి వేలాడదీయడం ట్రైనింగులో నేర్పే ఉంటారు. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్ళలో తిరిగి, ఆ పాత చిప్పలకు తన ఎడమ చిప్పతో అతుక్కుంటుంది. ఇక ఛస్తే కదలదు. కష్టమొస్తే కదిలించాల్సింది నువ్వే.

ఆ పని నేను చేయలేదు. 2015 నవంబరు వానలప్పుడు అడుగు బురద తగులుతుందని తాళ్ళు పొట్టిగా కట్టాను. క్రీకులో కలిసే కండలేరు నది వరదనీళ్ళు ఎర్రగా దిగాయి. మంచినీళ్ళు తేలిక కదా, ఉప్పునీళ్ళ మీదే తేలతాయి. నా తాళ్ళన్నీ ఆ పైపొరలోనే ఉన్నాయి. ఉప్పు తగ్గితే ఆల్చిప్ప నోరు బిగించుకుని కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. మూసుకునే ఉన్నాయిలే అని నేను ఇంట్లో ధీమాగా కూర్చున్నా. పదో రోజు పడవేసుకుని వెళ్తే దూరానికే వాసన. ఒకదాన్ని వేలితో తట్టాను. బతికినదైతే రాయిలా మోగుతుంది, ఇది డొల్లగా మోగింది. చిప్ప విప్పితే నల్లటి నీళ్ళు కారాయి. మీ అత్త చిప్పలన్నీ గంపల్లోకెత్తి సున్నం బట్టీకి పంపింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అందుకే దసరా దాటగానే తాళ్ళు లోతు ఉన్నచోటికి, సముద్రపు మొగ వైపు మార్చు. సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసే మీటరు రొయ్యల చెరువుల వాళ్ళని అడగొద్దు, నువ్వే కొనుక్కో. పైనా అడుగునా రెండుచోట్లా చూడు.

చెరువుల నీళ్ళు వదిలే తూముల దగ్గర మాత్రం కట్టావో, నేనే వచ్చి తాళ్ళు కోసేస్తా! ఒక్కో చిప్ప గంటకు లీటర్ల కొద్దీ నీళ్ళు వడగట్టి తింటుంది, నీళ్ళలోని చెత్తా దాని కడుపులోకే. అమ్మే ముందు ఒక రోజు శుభ్రమైన ఉప్పునీళ్ళలో ఉంచు. నోరు తెరిచి, తట్టినా మూసుకోనిది ఎవరికీ పెట్టకు, నువ్వూ తినకు.

బూట్లు లేకుండా దిగకు. చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. నీ కుడికాలి మచ్చ గుర్తుందా? ఆరేళ్ళప్పుడు నా పడవలోంచి దూకినప్పటిది. అప్పుడు నేనే నిన్ను ఎత్తుకుని పరిగెత్తా. ఇప్పుడు నా మోకాళ్ళు సహకరించవు.

మీ మామయ్య