సర్కార్లలో సైన్యం ఖర్చు ఎవరు మోశారు? (సమాధానం)

ఇంత శిస్తు వసూలు చేసినా ఉత్తర సర్కార్లలో, అంటే అప్పటి కోస్తా జిల్లాల్లో, ఈస్టిండియా కంపెనీకి డబ్బు ఎందుకు చాలలేదో వ్యాసంలో రాయలేకపోతున్నాను, టెన్షన్‌గా ఉంది అన్నారు కదండీ. మీరు రాబడి ఒక్కటే చూస్తున్నారు. జీతాల వైపు నుంచి మొదలుపెట్టండి, ముడి విడిపోతుంది.

1753లో నిజాం ఈ సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చిందే అతని సైన్యం జీతాల కోసం. ఇక్కడి రైతు కట్టిన శిస్తు హైదరాబాదులో ఉన్న సిపాయికి జీతమైంది. తర్వాత ఇంగ్లీషు కంపెనీ 1766 ఒప్పందంలో ఏడాదికి 9 లక్షల రూపాయలు నిజాంకు కడతామంది. సొంత సిపాయిల ఖర్చు దానికి అదనం. అదంతా జమీందార్లు కంపెనీకి కట్టే పేష్కష్ (కప్పం) మీద, చివరికి రైతు మీద పడింది.

1780 సంఘటన తప్పక రాయండి. హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు ఓడ ఎక్కమంటే విశాఖ సిపాయిలు ససేమిరా అన్నారు, తిరగబడి అధికారులను కాల్చారు. మన శిస్తుతో పెంచిన సైన్యాన్ని ఎక్కడి యుద్ధానికో తోలుకుపోవడం అంటే ఇదే. నన్ను అడిగితే మీ వ్యాసానికి ఇదే గుండెకాయ.

ఆ తర్వాత విశాఖ దగ్గరి పద్మనాభంలో జరిగిన యుద్ధం. పేష్కష్ బాకీల తగాదా ముదిరి, 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయారు. కొండ మెట్లెక్కి కిందికి చూస్తే పచ్చటి పొలాలే కనిపిస్తాయి, నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. విశాఖలోనే ఉన్నారు కాబట్టి, రాసేముందు ఒకసారి వెళ్లి రండి.