మొబైల్ రివ్యూలు నీకెందుకురా అల్లుడూ

చిరంజీవి రాజేష్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. మొబైల్ ఫోన్లకి రివ్యూ వీడియోలు చేస్తావు, కింద అమెజాన్ లింకు పెడతావు, ఎవరైనా కొంటే కమీషన్. బాగానే ఉంది. కానీ కొత్త ఫోన్ వస్తుందంటే పెద్ద ఛానళ్లకి కంపెనీయే ముందుగా పంపుతుంది. నువ్వు భీమవరంలో జేబులోంచి డబ్బు పెట్టి కొని పెట్టె విప్పేసరికి, జనం వాళ్ల వీడియోలు చూసి కొనేసి కూడా ఉంటారు.

నా సంగతి విను. మోటార్ల వైండింగ్ షాపు కుర్రాళ్లకి అప్పగించాక నేనూ ఆన్‌లైన్లో దిగాను కదా. కోర్సు అమ్మిన ఒకాయన, బరువు తగ్గే పొడుల్లో కమీషన్ ఎక్కువన్నాడు. ఏడాదిన్నర వాటి గురించే రాశాను. నా పొట్ట చూసి మీ అత్త ఒకటే నవ్వు. ఓ రోజు ఒకావిడ "థైరాయిడ్ ఉందండీ, ఇది వాడొచ్చా?" అని అడిగింది. ఏం చెప్పను? ఆ రాత్రే ఆ పేజీ తీసేశాను.

తర్వాత షాపుకి ఒకతను సింగిల్ ఫేజ్ మోటారు తెచ్చాడు. స్విచ్ వేస్తే గుంయ్‌మంటోంది, తిరగదు. కెపాసిటర్ మార్చాం, తిరిగింది. ఆ నాలుగు నిమిషాలూ ఫోన్లో తీసి పెట్టాను. ఇప్పటికీ నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఆ వీడియో కిందే. "ఈ మోటారుకి రిపేరు దండగ, చేయించకండి" అని చెప్పిన చోట నన్ను ఇంకా ఎక్కువ నమ్మారు. పొడుల గురించి అలా వద్దని చెప్పే తెలివి నాకు ఉందా?

నీకు ఆ తెలివి రొయ్యల పెంపకంలో ఉంది. మొన్న సంక్రాంతికి మా ఇంట్లో పడుకున్నావు. తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్. అవతలాయన "రొయ్య తేలుతోంది" అంటున్నాడు. నువ్వు కళ్లు కూడా తెరవకుండా "నిన్న మబ్బు పట్టిందా? ముందు ఏరియేటర్లన్నీ వేయండి, పొద్దున మేత ఆపండి" అన్నావు. ఎండ లేకపోతే నీళ్లలో నాచు ఆక్సిజన్ సరిగా తయారు చేయదని, తెల్లవారే సరికి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందని, ఏరియేటర్లు నీళ్లు చిలికి గాలి కలుపుతాయని నాకు ఆ పొద్దున టీ తాగుతూ చెప్పావు. ఎనిమిదేళ్లు కంపెనీ పని మీద రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగి నేర్చుకున్నది వదిలేసి ఫోన్ల వెంట పడతానంటావేంట్రా?

అలాగని "ఆక్వా" అని పెట్టకు. హేచరీలు, చేపలు, ఎగుమతులు అన్నీ అందులోకే వస్తాయి. రోజువారీ కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అనేవి) కూడా వద్దు, వాట్సాప్ గ్రూపుల్లో ఊరంతా తిరుగుతుంటాయి, మర్నాటికి పాతబడతాయి. రెండెకరాలు లీజుకి తీసుకుని మొదటిసారి వనామి రొయ్య వేసేవాడిని పట్టుకో. సీడ్‌కి, అంటే రొయ్య పిల్లలకి, రోగముందేమో చూసే పీసీఆర్ టెస్ట్ ఎందుకు, ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రేలో మేత మిగిలితే ఎంత తగ్గించాలి, పొట్టు వదిలేటప్పుడు మినరల్స్ ఎంత... అతనికి రాత్రి నిద్ర పట్టనివ్వని ప్రశ్నలివే.

ఇవి ఎవరైనా వెతుకుతున్నారా అని గూగుల్‌లో చూడు. తెలుగు లిపిలోనూ, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టి చూడు, మనవాళ్లు ఎక్కువగా రెండోదే కొడతారు. వెతికేవాళ్లు తక్కువగా కనిపిస్తే టెన్షన్ పడకు. రైతు టైప్ చేయడం కంటే తెలిసినవాడికి ఫోన్ చేస్తాడు. అందుకే నీ కాల్ లిస్ట్ తీసి, రెండు నెలల్లో ఎవరు ఏమడిగారో ఒక నోట్‌బుక్‌లో రాయి. ఒకే ప్రశ్న పది మంది అడిగితే మొదటి వీడియో అదే.

డబ్బు సంగతి. డీఓ మీటరు, పీహెచ్ కిట్, ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటర్, ఇవన్నీ ఆన్‌లైన్లో దొరుకుతాయి, వాటికి లింకులిచ్చుకో. యూట్యూబ్ యాడ్ల డబ్బుకి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, లింకు కమీషన్‌కి అదేం అక్కర్లేదు. అయితే అమెజాన్‌లో చేరాక 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు జరగకపోతే ఖాతా మూసేస్తారు, కాబట్టి పది వీడియోలు పెట్టాకే చేరు. అసలు రాబడి మాత్రం పంట మొత్తానికి ఇంత అని మాట్లాడుకుని చెరువు చూసిపెట్టడంలో ఉంటుందని నా అంచనా. ముందు నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు, బయట ఇలాంటివి చేయకూడదని మీ కంపెనీ రాసుకుందేమో.

మందులవాళ్లు వస్తారు. "మా ప్రోబయోటిక్ గురించి రెండు ముక్కలు చెప్పండి" అంటారు. డబ్బు తీసుకుంటే అది యాడ్ అని వీడియోలోనే చెప్పెయ్, అది చట్టం కూడా. నిషేధించిన యాంటీబయాటిక్స్ ఊసు ఎవరెత్తినా ఫోన్ పెట్టెయ్. రొయ్యలో వాటి అవశేషం దొరికితే విదేశాల నుంచి కంటైనర్ తిరిగొస్తుంది, నీ మాట విన్న రైతు మునిగిపోతాడు.

ఇంకోటి. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆపేసిన రోజు లక్షల మంది చూసేవాళ్లున్న కుర్రాళ్లు ఒక్క రాత్రిలో ఖాళీ అయిపోయారు. అడిగిన రైతుల నంబర్లు, వాళ్లు సరేనంటే, నీ దగ్గర విడిగా రాసిపెట్టుకో.

ఆదివారం ఆ నోట్‌బుక్ పట్టుకురా. మొన్న నువ్వు గట్టు మీంచి మాట్లాడుతున్నప్పుడు వెనకాల ఏరియేటర్ మోటారు చప్పుడు విన్నాను, బేరింగ్ పోయేలా ఉంది. దాన్ని కూడా బండి మీద వేసుకురా.

మీ మామయ్య