ఫోర్త్ జెన్ డెస్క్‌టాప్ పారేయాలా? నేను పారేయలేదు

ఫోర్త్ జెన్ ఐ5 (ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్), 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్ ఆన్ అవడానికే ఐదు నిమిషాలు పడుతోంది, కొత్తది కొనాలా అని అడిగారు. అచ్చం అలాంటిదే నా దగ్గర ఉంది, ఐ5-4570. బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉన్నప్పుడు రూమ్మేట్ ఖాళీ చేస్తూ వదిలేసి పోయాడు.

ప్రాసెసర్‌ని తిట్టుకోకండి, పాపం దాని తప్పేం లేదు. ముందు సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే, తిరిగే భాగాల్లేని డ్రైవ్) వేయండి, కొత్తదే. విండోస్ లేవగానే వేలకొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది, హార్డ్ డిస్క్‌లో ఒక్కోదాని కోసం డేటా చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి, మీ ఐదు నిమిషాలూ పోయేది అక్కడే. ఎన్‌వీఎంఈ (వేరే స్లాట్ కావాల్సిన, ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ) అంటగట్టబోతే వద్దనండి, ఆ కాలం బోర్డులు చాలావాటిలో స్లాటే ఉండదు, అడాప్టర్ పెట్టినా దాన్నుంచి బూట్ అవ్వకపోవచ్చు.

ర్యామ్ మాత్రం పాతదే కొన్నా. ఈ బోర్డుకి పట్టే ర్యామ్ రకం డీడీఆర్3 అని గట్టిగా చెప్పండి, తర్వాతి రకం డీడీఆర్4కి గాడి వేరేచోట ఉంటుంది, దూరదు. నేను క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని బస్సులో బెంగళూరు కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకి వెళ్లా (కండక్టర్ లగేజీ టికెట్ కూడా కొట్టాడు), షాపులోనే పెట్టించి, ఆన్ చేసి చూశాకే డబ్బులిచ్చా.

నేను దెబ్బ తిన్నది ఎక్కడంటే, సినిమాలు దాచుకోవడానికని పాత హార్డ్ డిస్క్ కూడా ఒకటి కొన్నా. "రెండు నెలలే వాడారు సార్" అన్నాడు. రూముకొచ్చి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో (డిస్క్ ఎంత వాడారో చూపించే సాఫ్ట్‌వేర్) చూస్తే 40 వేల గంటలు, అంటే నాలుగున్నరేళ్లు ఆగకుండా తిరిగింది! మర్నాడు వెళ్తే బిల్లు చూపించమన్నాడు, ముందురోజు బిల్లు వద్దన్నది నేనే. అప్పట్నుంచీ ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అయితే పాతవి కొంటా, డిస్కూ పవర్ సప్లై జోలికి మాత్రం పోను.

ఇక విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఇంటెల్‌లో ఎయిత్ జెన్‌కి ముందువాటిని, ఒకటీ అరా తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి అనంతపురంలో నాన్నకి ఇచ్చేశా, యూట్యూబూ పేపరూ చూసుకుంటున్నాడు. మీకు ట్యాలీ లాంటి, విండోస్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ తప్పనిసరైతే ఈ మెషీన్ మీద పైసా పెట్టకండి, ఆఫీసులు వదిలేసిన ఎయిత్ జెన్ ల్యాప్‌టాప్ చూడండి, కాకపోతే కొనేముందు బయోస్‌లోకి (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులు) వెళ్లి పాస్‌వర్డ్ లేదని చూసుకోండి.

మీ బోర్డు మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, ర్యామ్ ఎంతవరకు పడుతుందో చూసి చెప్తా.